పదును చేతికొస్తే...

మడత కత్తితో ఇంట్లోనే గడ్డం గీసుకోవాలన్న సరదా ఈ మధ్య కుర్రకారులో పెరుగుతోంది. వీడియోలు చూసి కత్తి తెప్పించుకునేవాళ్లు చాలామందే. అయితే అది చెంప మీదికి రాకముందే తెలుసుకోవలసిన సంగతులు బోలెడు. తొలిసారి కత్తి పట్టేవాళ్ల కోసమే ఈ ముఖచిత్ర కథనం.

క్షవరం కత్తికి బలం అక్కర్లేదు. చర్మాన్ని బిగబట్టి, కత్తిని దాని బరువుతోనే కిందికి జారనిస్తే వెంట్రుక తెగిపోవాలి. తెగకపోతే చెయ్యి తెలియకుండానే నొక్కుతుంది. నొక్కితే గాటు పడుతుంది. సరదాపడి మడత కత్తి కొన్నవాళ్లు కొద్ది రోజులకే దాన్ని డబ్బాలో పెట్టేయడానికి సాధారణంగా ఇదే కారణం. తమకు చేతకాలేదనుకుంటారు, ధైర్యం చాల్లేదనుకుంటారు. అసలు సంగతి వాళ్ల చేతిలో ఉన్నది మొద్దు కత్తి కావడం.

అందుకే ఈ విద్యలో మొదటి పాఠం వాదరను కాపాడుకోవడం. గడ్డం గీయడం ఆ తర్వాతి పాఠం. ఈ వరుస తారుమారైతే చెంపలు ఎర్రబారడం తప్ప ఒరిగేదేమీ ఉండదు. వరుస తప్పకుండా వెళ్తే ఎవరికైనా పట్టుబడే పనే ఇది. మన తాతల కాలంలో ఊరూరా సెలూన్లలో, చెట్ల కింద, అరుగుల మీద రోజూ జరిగిన పని.

వెంట్రుక ముందు ఉక్కు కూడా...

గడ్డం వెంట్రుక మందం దాదాపు మిల్లీమీటరులో పదో వంతు. ఉక్కుతో పోలిస్తే సుమారు 50 రెట్లు మెత్తన. అయినా ఉక్కు వాదర దాని చేతిలో దెబ్బతింటుంది. ఎలాగన్నది అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు జియాన్‌లూకా రోసియోలీ, జెమ్ తాసన్ బృందం 2020లో ‘సైన్స్’ పత్రికలో వివరించింది. రోసియోలీ మామూలు యూజ్ అండ్ త్రో రేజర్లతో తన గడ్డం తానే గీసుకుని, ప్రతిసారీ ఆ బ్లేడును ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి చూశాడు. వాదర సమంగా అరిగిపోతుందనుకుంటే, అక్కడక్కడా చిన్న చిన్న పెచ్చులు ఊడి కనిపించాయి. వెంట్రుక నిటారుగా నిలబడి ఉన్నప్పుడు ఉక్కుకు ఏమీ కాలేదు. అది పక్కకు వంగి బ్లేడును ఏటవాలుగా తాకినప్పుడు, ఆ తాకిన చోట ఉక్కు లోపలి అమరిక ఒకే తీరుగా లేకపోతే పెచ్చు లేచింది.

ఆ ప్రయోగం జరిగింది పారేసే స్టెయిన్‌లెస్ బ్లేడ్ల మీద. కానీ మడత కత్తి పట్టేవాళ్లకూ అందులో మంచి కబురుంది. కంటికి కనిపించని స్థాయిలో వాదర దెబ్బతినడం సహజం. పారేసే బ్లేడుకు ఆ దెబ్బతో ఆయువు తీరుతుంది. మడత కత్తికి మాత్రం తోలుపట్టీ ఉంది, సానరాయి ఉంది. ప్రతి ఉదయం వాదరను సర్దుకోవచ్చు, రెండు మూడు నెలలకోసారి కొత్తగా తీసుకోవచ్చు. 19వ శతాబ్దంలో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో తయారైన కత్తులు ఇవాళ్టికీ గడ్డాలు గీస్తున్నాయంటే ఈ రెండింటి చలవే.

ఆ ఉక్కు కథలో మనకూ చోటుంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఒకప్పుడు మూసల్లో కరిగించి తీసే మేలురకం ఉక్కుకు పేరుమోసిన ఊరు. దానికోసం ఇరాన్ నుంచి వర్తకులు అక్కడికి వచ్చేవారు. భారతదేశంలో తయారయ్యే ఈ తరహా ఉక్కు లండన్ చేరి జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారును ఆకట్టుకుంది. దాని గుట్టు తెలుసుకోవాలని ఆయన మైకేల్ ఫారడేతో కలిసి 1820 ప్రాంతంలో ప్రయోగాలు చేశాడు. విద్యుత్ రంగంలో చరిత్ర సృష్టించిన ఆ ఫారడేనే. ఉక్కులో వెండి లాంటి లోహాలను కలిపి చూశారు. అలా తయారైన ఉక్కుతో చేయించిన క్షవరం కత్తులను ఫారడే మిత్రులకు కానుకగా ఇచ్చాడు కూడా. 

సగం బ్లేడు వచ్చాక

కత్తికి కష్టకాలం 1903లో మొదలైంది. అమెరికాలో కింగ్ క్యాంప్ జిల్లెట్ పారేసే బ్లేడుతో సేఫ్టీ రేజర్ అమ్మకానికి పెట్టాడు. ఆ ఏడాది అమ్ముడైనవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. మరుసటి ఏడు రేజర్ల అమ్మకం 90 వేలు దాటింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా తన సైనికుల కోసం 35 లక్షల రేజర్లు కొనేసరికి, ఎవరి గడ్డం వాళ్లే గీసుకునే అలవాటు ఇంటింటికీ చేరిపోయింది.

మన సెలూన్లలో మాత్రం కత్తి ఇంకా చాలాకాలం నిలిచింది. నాయీబ్రాహ్మణ కుటుంబాల్లో పిల్లవాడు పనిలోకి వచ్చాడంటే మొదట చేతికిచ్చేది కత్తి కాదు, తోలుపట్టీ. గడ్డానికి సబ్బు రాయడం, పట్టీ మీద కత్తి తిప్పడం ఏళ్లతరబడి చేశాకే మనిషి చెంప మీద కత్తి ఆనించనిచ్చేవారు. పెళ్లిలో నాదస్వరం, డోలు వాయించిన చేతులు, పల్లెల్లో పుండ్లకు మందు కట్టిన చేతులు కూడా వాళ్లవే. ఒత్తిడి ఎంత పెట్టాలో, ఎక్కడ ఆపాలో ఆ వేళ్లకు తెలిసినంతగా మరొకరికి తెలియదు.

1990ల్లో ఎయిడ్స్ భయం వచ్చింది. ఒకే కత్తి పదిమందికి వాడొద్దన్న ప్రచారం ఊరూరా సాగింది. హెచ్‌ఐవీ ఒక్కటే కాదు, హెపటైటిస్ బి, సి కూడా రక్తం అంటిన కత్తి ద్వారా సోకగలవు కాబట్టి ఆ మాటలో న్యాయం ఉంది. మనిషికో కొత్త బ్లేడు అలవాటైంది. బ్లేడును మధ్యకు విరిచి, సగం ముక్కను కత్తిలాంటి పిడిలో బిగించి వాడటం మొదలైంది. ఇప్పుడు ఏ సెలూన్‌కు వెళ్లినా కనిపించేది అదే. తిరుమల కల్యాణకట్టలోనూ తలనీలాలకు బ్లేడు ముక్కే వాడతారు. ఆరోగ్యపరంగా అది సరైన మార్పే. దాంతోపాటే గోడకు వేలాడే తోలుపట్టీ మాయమైంది. సానరాయి అరుగు కిందకు చేరింది. ఈ విద్య క్షుణ్ణంగా తెలిసినవాళ్లు ఇవాళ అరవై దాటిన పెద్దలే.

ఒకరి కత్తి ఒకరే వాడుకునే ఇంటి క్షవరానికి ఆ ఆరోగ్య సమస్య లేదు. అందుకే పాత కత్తికి కొత్త చోటు ఇల్లే.

కొనేముందు

ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకే దొరికే మెరిసే మడత కత్తులను చూసి మోసపోవద్దు. వాటిలో చాలావాటి ఉక్కు పదును పట్టదు, పట్టినా నిలవదు. జర్మనీలోని జోలింగెన్, ఫ్రాన్స్‌లోని థియేర్ ఈ కత్తులకు పేరుపొందిన పట్టణాలు. జోలింగెన్ అనే పేరు వేరేచోట చేసిన కత్తుల మీద వేయకుండా జర్మనీలో 1938 నుంచే చట్టరక్షణ ఉంది. కొత్తవి వేలల్లో ఉంటాయి. నమ్మకమైనవాళ్లు బాగుచేసి, సాన పట్టి అమ్మే పాత కత్తి కూడా చక్కటి ఆరంభమే.

కత్తి వెడల్పును అంగుళంలో ఎన్ని ఎనిమిదో వంతులన్న లెక్కలో చెబుతారు. మొదటి కత్తికి ఐదు వంతులో, ఆరు వంతులో చాలు. మొన గుండ్రంగా ఉన్నదే తీసుకోండి. చదరపు మొన ముక్కు కింద గీయడానికి బాగుంటుంది గానీ కొత్త చేతికి చెవి దగ్గరో, పెదవి దగ్గరో గుచ్చుకుంటుంది. ఇక అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న: ఈ కత్తి గడ్డానికి సిద్ధంగా ఉందా? ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కత్తికి కూడా చాలాసార్లు చెంపకు ఆనేంత పదును ఉండదు. తెలిసినవాళ్లు చేత్తో సాన పట్టి పంపితేనే కొనండి. 

సెలూన్లలో వాడే సగం బ్లేడు పిడితో మొదలుపెట్టొచ్చా అని చాలామంది అడుగుతారు. మొదలుపెట్టొచ్చు. తోలు, సాన బెడద ఉండదు, ఖర్చు తక్కువ. అయితే ఆ బ్లేడు పలుచన, మొనల దగ్గర వాడి. కోణం కాస్త తప్పినా క్షమించదు. బరువైన మడత కత్తి చెంప మీద నిలకడగా కూర్చుంటుంది. బ్లేడు పిడి మీద చెయ్యి కుదిరినవాళ్లు కూడా కత్తి మీదికి వచ్చేసరికి కోణం, బరువు మళ్లీ అలవాటు చేసుకోవలసిందే.

నీళ్లలోనే సగం పని

పొడి వెంట్రుక మొండిది. నీళ్లు తాగితే మెత్తబడుతుంది. అందుకు రెండు మూడు నిమిషాలైనా పడుతుంది. కాబట్టి స్నానం చేసి వచ్చాకే కత్తి తీయండి. చలికాలంలో వేడినీళ్లలో ముంచిన తువ్వాలు ముఖం మీద కాసేపు కప్పుకోండి.

డబ్బాలోంచి వచ్చే గాలి నురుగు ఈ పనికి చాలదు. గిన్నెలో సబ్బు, బ్రష్ కావాలి. ఇక్కడ మన ఊళ్లలో చాలామందికి ఒక చిక్కు ఎదురవుతుంది. హైదరాబాద్ లాంటి చోట్ల బోరునీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. సబ్బు వాటితో కలిసి తెట్టులా తేలుతుంది, నురుగు కట్టదు. సబ్బు మంచిది కాదని తిట్టుకుంటూ మారుస్తూ పోతారు. ఫిల్టర్ నీళ్లు అరగ్లాసు తీసుకుని నురుగు కట్టి చూడండి, తేడా అక్కడికక్కడే తెలుస్తుంది. బ్రష్ తడిపి, నీళ్లు బాగా విదిలించి, సబ్బు మీద అరనిమిషం తిప్పాలి. తర్వాత చుక్క చుక్కగా నీళ్లు కలుపుతూ ముఖం మీదే రుద్దాలి. పెద్ద బుడగలు కనిపిస్తే నీళ్లు ఎక్కువైనట్టు. వెంటనే ఆరిపోతుంటే తక్కువైనట్టు. తడిగా మెరుస్తూ, చిక్కటి మీగడలా కూర్చుంటే కత్తి దాని మీద జారుతుంది.

మొదటి గీత

కత్తి ముట్టుకునే ముందు ఒక పని. రెండు రోజులు గడ్డం పెరగనిచ్చి, వేళ్లతో అన్ని వైపులా నిమరండి. గరగరమనకుండా వెళ్లే దిక్కే వెంట్రుక పెరిగే దిక్కు. చెంపల మీద ఎక్కువగా కిందికే ఉంటుంది. మెడ మీద మాత్రం ఒకచోట పక్కకు, మరోచోట పైకి, కొందరికి సుడి తిరిగి కూడా ఉంటుంది. ఈ దిక్కులను కాగితం మీద గీసి అద్దం పక్కన అంటించుకుంటే మేలు.

పట్టు ఇలా: మూడు వేళ్లు కత్తి మెడ పైన, చిటికెన వేలు వెనక తోక మీద, బొటనవేలు అడుగున వాదరకు దూరంగా. రెండో చేత్తో చర్మాన్ని చెవి వైపుకు లాగి బిగబట్టాలి. బిగువు లేని చర్మం మీద కత్తి నడిస్తే ముడత ముందుకొచ్చి తెగుతుంది. కత్తిని చెంప మీద పూర్తిగా పడుకోబెట్టి, వెన్నును (వాదరకు అవతలి మందపాటి అంచును) కొద్దిగా పైకి లేపండి. చర్మానికి, కత్తికి మధ్య దాదాపు 30 డిగ్రీలు వస్తే చాలు. అంతకన్నా నిలబెడితే గీరుతుంది, మరీ పడుకోబెడితే వెంట్రుకను లాగుతుంది.

కుడిచేతి వాటంవాళ్లు కుడి కణత కింద మొదలుపెట్టాలి. ఒక్కో గీత రెండు మూడు సెంటీమీటర్లు మించకూడదు. కత్తి ఎప్పుడూ వాదరకు అడ్డంగానే నడవాలి. వాదర పొడవునా పక్కకు జరిగిందా, కూరగాయ తరిగినట్టే. లోతైన గాట్లన్నీ అలా పడేవే. చెవి కూడా పనిలో పెట్టండి. పదును, కోణం కుదిరితే సన్నగా చిరచిరమనే చప్పుడు వినిపిస్తుంది. చప్పుడు ఆగి లాగుతున్నట్టు అనిపిస్తే అక్కడే ఆపేయాలి.

మొదటి వారమంతా రెండు చెంపలే. మిగతాది మీ మామూలు రేజర్‌తో పూర్తిచేయండి. ఇందులో చిన్నతనం ఏమీ లేదు, పని నేర్చుకునే క్రమమే అది. చెంపలు కుదిరాక దవడ కింద, మెడ. గడ్డం బొడిపె, పైపెదవి ఆఖరున. మొదటి నెల వెంట్రుక దిక్కునే గీయాలి. రెండో నెలలో అడ్డంగా ఇంకోసారి. ఎదురుగీత చర్మం ఒప్పుకుంటేనే. ఉంగరాల గడ్డం ఉన్నవాళ్లు ఎదురుగీత జోలికి పోకపోవడమే మంచిది. మరీ లోతుగా తెగిన వెంట్రుక చర్మం లోపలే వంకర తిరిగి పొక్కులు లేపుతుంది.

అయ్యాక చన్నీళ్లతో కడిగి, తడి పటిక ముక్కను ముఖమంతా రాయండి. పటిక చిన్న గాట్ల రక్తాన్ని ఆపుతుంది. అంతకన్నా గొప్ప మేలు ఇంకోటి చేస్తుంది. ఎక్కడ మండిందో అక్కడ మీరు నొక్కారని అర్థం. రేపు ఎక్కడ చెయ్యి తేలిక చేయాలో పటికే చెబుతుంది.

తోలు మీద కత్తి నడక

ఇక అసలు విద్య. ప్రతిసారీ గడ్డం గీసుకునే ముందు కత్తిని తోలుపట్టీ మీద నడపాలి. పట్టీకి ఒకవైపు నార గుడ్డ, రెండోవైపు తోలు ఉంటాయి. ఒక కొసను గోడ కొక్కేనికి తగిలించి, రెండో కొసను చేత్తో బిగువుగా పట్టుకోవాలి. పట్టీ కుంగితే వాదర గుండ్రబడుతుంది.

కత్తిని పట్టీ మీద పడుకోబెట్టండి. వెన్ను, వాదర రెండూ ఆనాలి. వెన్ను ముందు, వాదర వెనక ఉండేలా నెట్టండి. పట్టీ చివరికి వచ్చాక కత్తిని ఆపాలి. అక్కడ దాన్ని ఎత్తకూడదు. వెన్నును తోలు మీదే ఆనించి, వేళ్ల మధ్య కత్తి మెడను దొర్లిస్తూ వాదరను గాల్లోంచి అవతలి వైపుకు తిప్పాలి. అప్పుడు మళ్లీ వెన్ను ముందుగా వెనక్కి లాగాలి. కొత్తవాళ్ల పట్టీలు తెగేదీ, వాదర మొద్దుబారేదీ ఈ మలుపు దగ్గరే. కత్తి పూర్తిగా తిరగకముందే చెయ్యి బయల్దేరుతుంది. నార మీద ఇరవై, తోలు మీద నలభై, యాభై సార్లు చాలు. వేగం అక్కర్లేదు. పెద్దల చేతుల్లో కనిపించే టపటప వేగం ఏళ్లమీద వచ్చింది. మొదట వెన్న రాసుకునే మొద్దు చాకుతో ఈ దొర్లింపు సాధన చేయండి. మొదటి పట్టీ చవకది కొనండి. దాని మీద గాట్లు పడటం ఖాయం.

ఎంత బాగా నడిపినా కొన్ని నెలలకు వాదర అలసిపోతుంది. అప్పుడు సానరాయి కావాలి. మడత కత్తి నిర్మాణంలో ఒక అందమైన తెలివి ఉంది. వెన్ను మందాన్ని, కత్తి వెడల్పును లెక్కగట్టి చేస్తారు. రెండూ రాయికి ఆనిస్తే చాలు, కోణం దానంతటదే కుదురుతుంది. రాయి మీద మాత్రం వాదర ముందు నడవాలి. మొద్దుబారిన కత్తికి 1000 గ్రిట్ రాయి మీద మొదలుపెట్టి, 5000, 8000, ఆపైన 12000 దాకా తీసుకెళ్తారు. మొదటి ఏడాది ఇది తెలిసినవాళ్లకే అప్పగించండి. సైకిల్ చక్రంతో సాన పడతామంటూ వీధిలోకి వచ్చేవాళ్లకు వంటింటి కత్తులు ఇవ్వొచ్చు గానీ, క్షవరం కత్తి ఇవ్వకండి. తిరిగే చక్రం వేడికి ఉక్కు పస పోతుంది, వెన్ను లెక్క చెడుతుంది.

గుర్తుంచుకోండి

తుప్పు: ఈ కత్తుల్లో ఎక్కువ భాగం తుప్పు పట్టే కార్బన్ ఉక్కువే. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల తేమలో ఒక్క రాత్రి చాలు. వాడాక మెత్తటి గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, కుట్టుమిషన్ నూనె చుక్క రాయండి. స్నానాలగదిలో ఉంచొద్దు.

కుళాయి: వాదరలు విరిగేది ఎక్కువగా కుళాయికి, సింకు అంచుకు తగిలే. నురుగును తడి గుడ్డ మీద తుడవండి, సింకుకు తట్టొద్దు.

జారితే: కత్తి చేజారితే పట్టుకోబోకండి, పక్కకు జరగండి. విరిగిన కత్తి మళ్లీ కొనుక్కోవచ్చు.

శుద్ధి: పాత కత్తి కొంటే స్పిరిట్‌తో తుడవండి. బ్లీచింగ్ ద్రావణం ఉక్కును తినేస్తుంది. ఇంట్లోవాళ్లయినా సరే, ఒకరి కత్తి ఇంకొకరు వాడొద్దు. పిల్లలకు అందనీయొద్దు.

ఎవరికి వద్దు: రక్తం పలుచబడే మందులు వాడేవాళ్లు, చేతులు వణికేవాళ్లు, ముఖం నిండా మొటిమలున్నవాళ్లు, గాయమైన చోట కండ పెరిగే తత్వం ఉన్నవాళ్లు దూరంగా ఉండాలి. మధుమేహం ఉంటే ముందు డాక్టరును అడగాలి. గాటు లోతుగా పడి, శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు అదిమినా రక్తం ఆగకపోతే ఆస్పత్రికి వెళ్లాలి.

ఇంత శ్రమ ఎందుకు?

రెండు నిమిషాల్లో అయిపోయే పనికి ఇరవై నిమిషాలు ఎందుకని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. పారేసే ప్లాస్టిక్ తగ్గుతుంది. ఒకటే వాదర ఒకటే గీతగా నడవడం వల్ల కొన్ని చర్మాలకు మంట తగ్గుతుంది. మంచి కత్తి కొడుకు చేతికీ, మనవడి చేతికీ అందుతుంది. ఇవన్నీ నిజాలే. వీటికన్నా విలువైనది మరొకటి ఉంది. ఒక పనిముట్టు ఎందుకు పనిచేస్తుందో, ఎప్పుడు మొరాయిస్తుందో, దాన్ని తిరిగి ఎలా దారిలో పెట్టాలో మన చేతికే తెలియడం. పాడైతే పారేసి కొత్తది కొనడానికి అలవాటుపడిన మనకు, పాడైనదాన్ని రోజూ ఉదయం పది నిమిషాల్లో బాగుచేసుకోవచ్చన్న ఎరుక చిన్నది కాదు.

అందుకని మొదటి నెల మీ పురోగతిని అద్దంలో కొలవకండి. గడ్డం ఎంత నున్నగా వచ్చిందన్నది తర్వాతి సంగతి. నెల క్రితం కొన్న కత్తి ఇవాళ కూడా అదే చప్పుడుతో నడుస్తోందా, పటిక మంట తగ్గుతోందా అన్నది చూడండి. ఆ రెండూ జరుగుతుంటే మిగతాది దానంతటదే వస్తుంది.

మీ వీధిలోనో, సొంతూళ్లోనో పాత సెలూన్‌లో అరవై దాటిన పెద్దాయన ఎవరైనా ఉంటే, కత్తి ఆర్డర్ పెట్టకముందే ఆయన దగ్గరికి వెళ్లండి. రద్దీ లేని మధ్యాహ్నం చూసుకుని, ఒక పూట కూలి ముందే చేతిలో పెట్టి, తోలు మీద కత్తి ఎలా తిప్పాలో చూపించమని అడగండి. మలుపు దగ్గర ఆయన వేళ్లు ఏం చేస్తున్నాయో దగ్గరగా చూడండి. మీ చేతికి పట్టీ ఇచ్చి తప్పు దిద్దమనండి. ఏ వీడియోలోనూ మన మణికట్టు పట్టుకుని ఆపేవాళ్లు ఉండరు. ఆ కూలి ఇవ్వడం మాత్రం మరిచిపోవద్దు. తరాలుగా వాళ్ల శ్రమకు ఈ సమాజం కట్టిన ఖరీదు చాలా తక్కువ. ఆ విద్య నేర్చుకోవాలనుకునేవాళ్లు కనీసం దాన్ని విద్యగా గుర్తించి, గురువుకిచ్చే మర్యాద ఇచ్చి నేర్చుకోవాలి.